చాప మీద దెబ్బ

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున శ్రీను ఫోను చేశాడు. శ్రీను మా పిన్ని మనవడు, మాచర్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. "పెద్దమ్మా, మీ పాత ఇంటి ముందుగోడ పడగొడతన్నారు. రోడ్డు ఎడల్పు చేస్తన్నారంట. చూడాలంటే ఇప్పుడే బయల్దేరు," అన్నాడు. ఆ ఇల్లు మా చేతులు దాటిపోయి చాలా కాలమైంది. అయినా నరసరావుపేటలో బస్సెక్కాను. నేను వెళ్లేసరికి గోడ లేదు. దాని నాపరాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఎదురుగా బండి మీద టీ అమ్ముకుంటున్న కుర్రవాణ్ణి, ఏమీ తెలియనిదానిలా, ఈ ఇల్లు ఎవరిదయ్యా అని అడిగాను.

"విషం కూడు ఇల్లు మామ్మా. ఎనకటికి ఈ ఇంటి ముసల్ది రాజీకని పిలిచి అన్నంలో ఎండ్రిన్ కలిపిందంట. పదిమంది పోయారంట."

"పదిమందా?"

"పన్నెండు మందనేవోళ్లు గూడా ఉన్నారు."

"పేర్లు చెప్పు."

"పేర్లు ఎవరికి తెలుసు మామ్మా! చానా ఏళ్ల నాటి మాట."

శ్రీను నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "పోనీలే పెద్దమ్మా, ఆడి మొహం, ఆడికేం తెలుసు," అన్నాడు. వాడికి తెలియకపోవడం తప్పు కాదు. తెలియని లెక్కకు జవాబు చెప్పడం తప్పు. ఉద్యోగమున్నన్నాళ్లూ బడిలో లెక్కలు చెప్పినదాన్ని. నల్లబల్ల మీద తప్పు జవాబు ఉంటే తుడవకుండా గదిలోంచి బయటికి రాలేను. ఆ ముసలమ్మ మా నాయనమ్మ, పేరు రత్తమ్మ. ఆ రోజు ఆ అన్నం తిని చచ్చినవాళ్లు ఎవరూ లేరు. అది నేను తిన్నాను కనక నాకు తెలుసు.

అప్పటి మాచర్ల రాతి ఊరు. కాళ్ల కింద నాపరాయి, గోడకు నాపరాయి, కప్పుకు నాపరాయి, దొడ్డి చుట్టూ దడికి బదులు నిలువునా పాతినవీ నాపరాళ్లే. ఎండాకాలం ఆ రాళ్లు పగలంతా తాగిన వేడిని పొద్దుగూకాక మెల్లగా కక్కేవి. రెంటచింతల ఎండను గురించి ఊరూరా గొప్పగా చెప్పుకుంటారుగానీ, మా ఊరొచ్చిన రెంటచింతలవాళ్లు కూడా తలగుడ్డ విప్పేవాళ్లు కారు. చెన్నకేశవస్వామి గుడి పక్కన చంద్రవంక పారేది. పారేది అనడం వానాకాలానికే చెల్లుతుంది. మిగతా రోజుల్లో ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లను చిప్పతో బిందెలోకి తోడుకోవలసిందే. గుంటూరు నుంచి వచ్చే రైలుకు మా ఊరే ఆఖరు. పట్టాలు అక్కడితో అయిపోయేవి. సాగర్ ఆనకట్ట కడుతున్న రోజులు కనక ఆ రైల్లో మనుషులకంటే సిమెంటు బస్తాలు ఎక్కువగా దిగేవి. వాటిని లారీలకెత్తే హమాలీల కనుబొమలు తెల్లబడి, ఇరవై ఏళ్లవాడు అరవై ఏళ్లవాడిలా కనిపించేవాడు. వాళ్లు సాయంత్రం చెలమల దగ్గరికి కడుక్కోవడానికొస్తే, తాగే నీళ్లు పాడుచేస్తున్నారని మా వాళ్లు రాళ్లు విసిరేవారు. వాళ్లూ తిరిగి విసిరేవారు. ఎవరిదో తల పగిలాక ఎవరింటికి వాళ్లు పోయేవారు.

దెబ్బ అనేది ఆ ఊళ్లో వార్త కాదు. బడిలో పంతులుగారి చింతబరికె విరిగితే, విరగ్గొట్టించుకున్నవాడే ఇంకోటి కోసుకొచ్చి ఇవ్వాలి. చెలమల దగ్గర ఆడవాళ్లు బిందెలతో కొట్టుకుని, సొట్టపడిన బిందెలు తలమీద పెట్టుకుని కలిసే ఇళ్లకు నడిచేవారు. మాంసం కొట్టేవాడు మేకను మా వాకిలికెదురుగానే తలకిందులుగా కట్టి తోలు వలిచేవాడు. పిల్లలం అక్కడే కూర్చుని జొన్నరొట్టె తినేవాళ్లం. మగవాళ్లు అన్నానికి కూర్చుంటే వీపు గోడకు, మొహం వాకిలికి. చెంబు ఎత్తి గటగటా తాగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. "తల ఎత్తితే గొంతు కనపడుద్దిరా," అని నాయనమ్మ చిన్నప్పుడే కొడుకులకు నేర్పింది. మా నాన్న, ఆయన తమ్ముడు కేశవులు బాబాయి కొంచెం తాగేవాళ్లు, వాకిలి చూసేవాళ్లు, మళ్లీ కొంచెం తాగేవాళ్లు. నాకిప్పటికీ అట్లా తాగడమే వచ్చు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు చూసి, పిల్లకు గొంతులో ఏదైనా జబ్బుందేమోనని అడిగింది.

ఆదివారం పొద్దున తలంటి. నాయనమ్మ ఆముదం చిట్టితో ఇంటి వెనక ఎండలో కూర్చునేది. ముందు నా తలకు పట్టించి, అరచేతుల్లో మిగిలిన జిడ్డును తలుపు వెనకున్న కర్రలకు ఒక్కొక్కదానికీ చివరికంటా రుద్దేది. "జుట్టుకైనా కర్రకైనా ఆముదం పట్టకపోతే చీలిపోద్దే," అనేది. కర్రల పక్కన బరిసె ఒకటి ఉండేది. దాని మొనను మాత్రం బాబాయే చూసుకునేవాడు. ఇంటినిండా మిరపకాయల ఘాటు, ఆముదం వాసన, పొయ్యిలో పత్తికట్టె పొగ. ఏ ఇంట్లోకెళ్లినా ఇదే వాసన కనక ప్రపంచమంతా ఇట్లాగే ఉంటుందనుకునేదాన్ని.

మా ఇల్లున్నది గానుగల సందులో. ఒక బండి పట్టే సందు. బండి లోపలుంటే మనుషులు గోడకు అతుక్కుని నిలబడాలి. సందుకు ఈ కొసన మేము, ఆ కొసన అంకయ్య. చుట్టరికం లేకపోయినా వరసలుండేవి. అంకయ్య మా నాయనమ్మను అత్తా అనేవాడు, నాన్నను బావా అనేవాడు. నాకు మామ. గుడి ముందు రథం కదిలేటప్పుడు నన్ను భుజాన కూర్చోబెట్టుకుని, "కనపడతన్నాడా స్వామి?" అని అడుగుతుండేవాడు. స్వామి కనపడినా కనపడలేదనేదాన్ని, దింపుతాడని.

ఒక మంగళవారం పొద్దున నాన్న మిరపకాయల బండితో సందులోంచి బయటికి పోతున్నాడు. అంకయ్య ఖాళీ బండితో లోపలికొస్తున్నాడు. సందు నడుమ ఎడ్లకు ఎడ్లు ఎదురుపడ్డాయి. ఎవరో ఒకరు బండి వెనక్కి నడపాలి. మా ఊళ్లో బండి వెనక్కి నడపడమంటే పదిమందిలో కాళ్లు పట్టుకోవడంతో సమానం. మొగవాడు ఎద్దును అమ్ముకుంటాడుగానీ ఆ పని చెయ్యడు.

"ఎనక్కి కొట్టు బావా," అన్నాడు అంకయ్య.

"బరువు బండి నాది. ఖాళీ బండి నీది. నువ్వు కొట్టు."

"ఖాళీదయితే మాత్రం? నా ఎడ్లకు ఎనక నడవటం రాదు."

"నా ఎడ్లకు అసలే రాదు."

మొదట అందరూ నవ్వారు, వాళ్లిద్దరూ నవ్వారు. ఎవరో ఇద్దరికీ మజ్జిగ తెచ్చిచ్చారు. ఎండెక్కింది. ఎడ్లు కాడి కిందే మోకాళ్ల మీద కూర్చున్నాయి. నాయనమ్మ వాకిట్లోంచి, "ఒరేయ్, కాయ ఎండిపోతంది, సంత అయిపోద్ది," అని అరిచిందేగానీ, వెనక్కి రా అని మాత్రం అనలేదు. ఆ మాట ఆమె నోట రాదు. మిట్టమధ్యాహ్నం గోడమీద కూర్చున్న ఒకడు, "పొద్దుట్నించీ మొగుడూపెళ్లాల్లాగా మొహాలు చూసుకుంటన్నారు. మీలో పెళ్లామెవరో అదన్నా చెప్పండి, ఇంటికి బోతాం," అన్నాడు. జనం విరగబడి నవ్వారు. ఈసారి వాళ్లిద్దరూ నవ్వలేదు. అంకయ్య ములుకోల విసిరాడు. అది మా ఎద్దు కంట్లో దిగింది. నాన్న బండి ఊచ పెరుక్కుని దూకాడు. అంకయ్య చేతికి బండిలో ఉన్న గొడ్డలి దొరికింది. అది నాన్న మెడకూ భుజానికీ నడుమ దిగింది. నాన్న వెనక్కి, మిరపకాయల మీద పడ్డాడు. మిరపకాయల మీద రక్తం కనపడదు. తడి మాత్రమే కనపడుతుంది. అందుకే నాకు ఆయన చనిపోయాడని వెంటనే తెలియలేదు. అంకయ్య మామ ఎందుకు పారిపోతున్నాడో కూడా తెలియలేదు.

కేసు గురజాల కోర్టుకు పోయింది. సందునిండా ఉన్న జనంలో చూసినవాడు ఒక్కడూ దొరకలేదు. ఎండవల్ల మాచర్లవాళ్లకు కళ్లు సరిగా కనపడవని ప్లీడర్లు నవ్వుకునేవారట. అంకయ్య బెయిలు మీద ఇంటికొచ్చాడు. ఆ వారంలోనే కేశవులు బాబాయి, చెలమ దగ్గర ఎద్దును కడుగుతున్న అంకయ్య తమ్ముణ్ణి మోకాలి మీద నరికాడు. వాడు చావలేదు, కుంటివాడయ్యాడు. దానికీ సాక్షులు లేరు. మా ఊరి లెక్క ప్రకారం ఇక వంతు వాళ్లది. బాబాయికి పెళ్లి కాలేదు, ఇరవై రెండో ఏడు. అప్పట్నించి ఆయన వాకిలికి అడ్డంగా మంచం వేసుకోవడం మానేసి, ఇంటి కప్పుమీద నాపరాళ్ల నడుమ పడుకునేవాడు. మా అమ్మ మాటా పలుకూ మానేసింది. నాయనమ్మ మాత్రం అన్ని పనులూ చేసేది. బాబాయి బయటికెళ్తే తిరిగొచ్చేదాకా అన్నం ముట్టేది కాదు.

కార్తీకంలో రాజీ మాట వచ్చింది. కారంపూడి వీరుల పండగ దినాలు కనక, ఆ నెలలో మా వైపు కత్తి దూయడం తప్పు. ఇరువైపులా మన్నించే సుబ్బయ్య తాత వచ్చి మా అరుగుమీద కూర్చున్నాడు.

"రత్తమ్మా, పోయినోడు రాడు. ఉన్నోణ్ణి కాపాడుకో."

"నేను కాదన్నానా?"

"అయితే చాప పరువు."

నాయనమ్మ కొంగు దులుపుకుని లేచింది. "వండుతా. నా చేత్తోనే వడ్డించాల్నా?"

"ఆచారం అదే గదే."

"ఆడు తింటాడా?"

"తింటేనే రాజీ."

మా వైపు రాజీ కాగితం మీద జరిగేది కాదు, చాప మీద జరిగేది. వెనకటి వీరులు కులం చూడకుండా ఒక్క చాపమీద కూర్చుని కూడు తిన్నారనీ, ఇది అక్కణ్ణించి వచ్చిందనీ పెద్దలు చెప్పేవారు. పోయినవాడి ఇంటి ముందు ఈతచాపలు కలిపి పరుస్తారు. వాళ్లవాడొకడు, మనవాడొకడు, మళ్లీ వాళ్లవాడు, ఇట్లా కూర్చుంటారు. ఆయుధాలన్నీ గుడి దగ్గర వదిలి రావాలి. పోయినవాడి తల్లో పెళ్లామో వండి, చంపినవాడికి మొదటి వడ్డన వడ్డించాలి. అతను మొదటి ముద్ద తిన్నాడంటే అంతటితో సరి. ఆ తర్వాత రెండిళ్లవాళ్లూ ఒకరిమీద ఒకరు చెయ్యెత్తకూడదు. చాప ఎత్తేలోగా దానిమీద దెబ్బ పడిందంటే మాత్రం, ఎవరు కొట్టినా, ఎందుకు కొట్టినా, రాజీ లేదు. ఇక జన్మలో ఆ రెండిళ్లకూ చాప పరవడానికి ఏ పెద్దమనిషీ రాడు.

రాజీ రోజు పొద్దున నాయనమ్మ వంటను నేను మొదట్నించి చివరిదాకా పొయ్యి దగ్గరే కూర్చుని చూశాను. రోజూ జొన్నకూడు తినే ఇంట్లో ఆ రోజు వరిబియ్యం పొయ్యెక్కింది. కందిపప్పు, గోంగూర పచ్చడి, వంకాయ కూర, కాచిన నెయ్యి. ప్రతిదీ ఒక బొట్టు అరచేతిలో వేసుకుని రుచి చూసింది. పప్పులో ఉప్పు తగ్గిందని మళ్లీ వేసింది. కొడుకును చంపినవాడికి వండే వంటలో ఉప్పు సరిచూసుకునే మనిషి అందులో ఇంకేదో కలుపుతుందనుకోవడం, ఆమెను తెలియనివాళ్లు చేసే పని. ఆమె వంటకు పేరుంది. ఆ పేరును అంకయ్య కోసం పోగొట్టుకోదు.

చాపమీద అంకయ్య నడుమ కూర్చున్నాడు. అతని పక్కనే కేశవులు బాబాయి, కిందికి చూస్తూ. అంకయ్య తమ్ముడు కాలు మడవలేక చాచుకుని కొసన కూర్చున్నాడు. సుబ్బయ్య తాత చాప తలవైపు నిలబడ్డాడు. నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని తిరుగుతున్నాను. నాయనమ్మ ఇనప గరిటెతో అంకయ్య మోదుగాకు విస్తట్లో అన్నం పెట్టింది, పప్పు పోసింది, నెయ్యి వేసింది. అంకయ్య కలిపాడు. ముద్ద చేశాడు. ముద్ద పట్టుకుని ఆగిపోయాడు.

"అత్తా, కోపం చెయ్యబాక," అన్నాడు నవ్వుతూ. "ఈ మధ్య చేలకు కొట్టే ఎండ్రిన్ మందని కొత్తదొచ్చింది. అవతలూళ్లో ఒకడు కూట్లో అది తిని పొయ్యాడు. మావోళ్లు చూసి తినమన్నారు. నా బుద్ధి గాదు, మావోళ్ల బుద్ధి."

"అయితే ఏంజేస్తావు?" అన్నది నాయనమ్మ.

"కోటమ్మను ఒక ముద్ద తిననీ. పసిబిడ్డ నోట్లో విషం పెట్టించవు గదా. ఇటు రావే కోటమ్మా."

కోటమ్మను నేను. సుబ్బయ్య తాత నాయనమ్మ వైపు చూశాడు. బాబాయి తల ఎత్తి ఆమె వైపే చూశాడు. నాకది నిన్నమొన్న చూసినట్టుంది. ఆయన కళ్లు, అమ్మా ఒప్పుకో అని బతిమాలుతున్నాయి. నాయనమ్మ తల ఊపింది. నేను వెళ్లి అంకయ్య ముందు కూర్చున్నాను. అతను ఎడమచెయ్యి నా తలమీద వేసి కుడిచేత్తో ముద్ద నోట్లో పెట్టాడు. వరన్నం, పప్పు, వేడి నెయ్యి. ఏడాదిగా అట్లాంటిది తినలేదు. మింగాను. అంకయ్య నా మొహంలోకి చూస్తూ, "ఇంకో ముద్ద తిను, ఆ తరవాత నేను తింటా," అని రెండో ముద్ద ఎత్తాడు.

గరిటె ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. నా చెవి పక్కగా గాలి కొట్టింది. అంకయ్య కనుబొమ చీలింది. రక్తం ముక్కు పక్కగా కారి విస్తట్లో పడింది. నాయనమ్మ నన్ను జుట్టు పట్టుకుని చాపమీంచి ఈడ్చి, విస్తరి కాలితో తన్నింది. పప్పన్నం నాపరాళ్ల మీద చెదిరింది.

"చూశారా! చూశారా! విషం లేకపోతే బిడ్డను ఎందుకు లాగిందంట?" అని అంకయ్య తమ్ముడు కుంటికాలితోనే లేచి అరిచాడు. చాపమీది వాళ్లందరూ లేచారు. ఆయుధాలు లేవు కనక చేతులతో, చెంబులతో, దడిలోంచి పీకిన రాళ్లతో కొట్టుకున్నారు. సుబ్బయ్య తాత అరుపుకు కాసేపటికి ఆగారు. అప్పుడు బాబాయి చేసిన పని ఊరు మర్చిపోయింది, నేను మర్చిపోలేదు. ఆయన చాప దగ్గర మోకాళ్లమీద కూర్చుని, చెదిరిన అన్నాన్ని, రక్తం పడిన మెతుకులతో సహా, రెండు చేతులా దగ్గరికి తీసి తినడం మొదలుపెట్టాడు. తింటూ, "విషం లేదు మావా. చూడు, నేను తింటన్నా. విషం లేదు," అని అంకయ్యకు చెప్తున్నాడు.

"రత్తమ్మా," అన్నాడు సుబ్బయ్య తాత, "నీ నోటితో ఒక్క మాట చెప్పు. కూడు మంచిదేనని."

"నేను వండిన కూటికి నేను సాక్ష్యం చెప్పాల్నా?"

"అయితే ఎందుకు కొట్టావే?"

ఆమె గరిటె పట్టుకుని లోపలికి పోయింది. సుబ్బయ్య తాత వంగి చాప చుట్టాడు. "విషం సంగతి నాకు అనవసరం. చాప మీద దెబ్బ పడింది," అని చుట్టిన చాపను సందులోనే వదిలి వెళ్లిపోయాడు. ఆ మాట ఎవరికీ గుర్తు లేదు. విషం మాత్రం అందరికీ గుర్తుంది, ఎందుకంటే విషం కథ చెప్పడం తేలిక.

బాబాయిని సాగర్ పనుల్లోకి పొమ్మని నాయనమ్మ పోరు పెట్టింది. అక్కడ వేలమంది కూలీల్లో కలిసిపోతే ఎవరికీ దొరకడని ఆమె ఆశ. ఆయన కదల్లేదు. "ఎందుకమ్మా, నీ చేతికూడు తిని గూడా చావలా గదా, ఇంక చావన్లే," అన్నాడు. ఆ మాటకు ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

ఒక పొద్దున బడికి పోతూ నేను గుడి ప్రహరీ పక్కగా నడుస్తున్నాను. అక్కడ క్షౌరం చేసే పోలయ్య బాబాయిని కూర్చోబెట్టుకుని గడ్డం గీస్తున్నాడు. గడ్డం గీయించుకోవాలంటే తల ఎత్తక తప్పదు. అంకయ్య రాలేదు. కుంటివాడూ, ఇంకొకడూ వచ్చారు. పోలయ్య కత్తి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. బాబాయి లేవబోయాడు, ఎత్తిన గొంతుమీదే మొదటి వేటు పడింది. తరవాతివి ఎక్కడ పడితే అక్కడ. కుంటివాడు పట్టు తప్పి ఆయనమీదే పడి, పడుకునే నరికాడు. గుడిలో గంట కొడుతూనే ఉన్నారు. వాళ్లు వెళ్లాక నేను దగ్గరికి పోయాను. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంపమీద సబ్బునురగ ఇంకా ఆరలేదు.

నాయనమ్మ వచ్చి ఏడవలేదు. పోలయ్యను చూసి, "మిగతా సగం గీకరా," అన్నది. వాడు రానన్నాడు, చేతులు ఆడటం లేదన్నాడు. "నా కొడుకు సగం గడ్డంతో పోడు. గీకు," అన్నది. ఆమె తల పట్టుకుంది. వాడు ఏడుస్తూ గీశాడు.

ఆ తర్వాత అమ్మ నన్ను తీసుకుని నరసరావుపేటలో మామయ్య ఇంటికి చేరింది. నాయనమ్మ రానన్నది. అంకయ్య ముసలివాడై, మంచంమీద, మనవల మధ్య పోయాడు. ఇది న్యాయమో కాదో నేను రాయడం లేదు. జరిగింది రాస్తున్నాను. మొన్న శ్రీను ఆ సందును చూపించి, "ఇప్పుడు రెండు లారీలు ఎదురెదురుగా పోతాయి పెద్దమ్మా. అప్పుడే ఇట్లా ఉంటే తాతయ్య బతికేవాడు," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సందు వెడల్పుగా ఉంటే వాళ్లు నీళ్ల దగ్గర ఎదురుపడేవాళ్లు, లేకపోతే కల్లంలో. వెనక్కి నడవడం నేర్పని ఊళ్లో రోడ్డు ఎంత వెడల్పు చేస్తే సరిపోతుంది? మేము మాట్లాడుతుండగానే రెండు మోటారు సైకిళ్లు ఢీకొట్టుకోబోయి ఆగాయి. కుర్రవాళ్లు అమ్మనీ అక్కనీ తిట్టుకుని, నవ్వుకుని, పోయారు. ఆ నవ్వు చూసి కొంత నయమనుకున్నాను. ఒకడు పోతూ జేబులోంచి ఫోను తీసి, వెనక్కి తిరిగి రెండోవాడి బండి నంబరుకు ఫొటో తీశాడు. అంత నయం కాదేమోననీ అనుకున్నాను.

సెలవులకు నేను ఒక్కదాన్నే రైల్లో మాచర్ల వెళ్లేదాన్ని. నాయనమ్మ ఆ రాతి ఇంట్లో ఒక్కతే. షావుకార్ల కొట్ల నుంచి వచ్చిన మిరపకాయలకు తొడిమలు తీసి బతికేది. పెళ్లిళ్లకు పిలిచేవారుగానీ వంటపందిరి వైపు రానిచ్చేవారు కారు. వంటకు పేరున్న మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని పెళ్లిపందిట్లో కొసన కూర్చునేది. పక్కింటి పిల్లలు ఆమె పెట్టిన బెల్లం ముక్క తీసుకుని, మలుపు తిరిగాక పారేసేవారు. అది చూశాక నేను వెళ్లిన ప్రతిసారీ కంచం తెచ్చుకుని, సందులో పోయేవాళ్లందరికీ కనపడేట్టు, బయట అరుగుమీద కూర్చుని తినేదాన్ని. మారు వడ్డించడానికి మాత్రం ఆమె బయటికి వచ్చేది కాదు, నేనే లోపలికి పోవాలి.

ఆమె చివరి వేసవిలో ఒక మధ్యాహ్నం ఇద్దరం కాయల రాశి దగ్గర కూర్చున్నాం. నేనప్పటికి కాలేజీలో చదువుతున్నాను. లెక్క తేలని చోట మనసు ఊరుకోని వయసు.

"నాయనమ్మా, ఆ రోజు మొదటి ముద్ద నేను మింగాను. అన్నం మంచిదే," అన్నాను.

"నాకు జెప్తావేందే. వండింది నేను గదా."

"మరి రెండో ముద్దకు ఎందుకు కొట్టావు? ఇంకొక్క ముద్ద నేను తింటే ఆయనా తినేవాడు. బాబాయి ఉండేవాడు."

ఆమె తొడిమలు తీస్తూనే ఉంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"మొదటి ముద్దప్పుడు గుండె రాయి జేసుకునే ఉన్నా. కేశవులు బతకాల, ఏమన్నా గానీ అనుకున్నా. ఆడి చెయ్యి నీ తలమీదుంటే గూడా ఓర్చుకున్నా. నువ్వు మింగావు. మింగి, ఆడి మొహంలోకి జూసి నవ్వావు."

"నేను నవ్వలేదు నాయనమ్మా."

"నవ్వావే. మీ నాయన పెడితే నవ్వేదానివే, అట్టా నవ్వావు."

చాపమీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఇప్పుడడిగినా వరసగా చెప్పగలను. వంకాయ కూర వాసన గుర్తుంది. అంకయ్య చేతి వేళ్ల మధ్య పసుపుపచ్చగా దిగిన పప్పు గుర్తుంది. తమకు వడ్డన ఎప్పుడని కొసనున్నవాడెవడో గొణిగితే, పక్కవాడు మోచేత్తో పొడవడం గుర్తుంది. ఆ నవ్వు మాత్రం ఎంత వెతికినా నాకు దొరకలేదు. నాయనమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు.